టీవీ నోరు విప్పిన వేళ

“ఎవరు అరిచారన్నది తర్వాత చూద్దాం. ముందు టీవీ ఎప్పుడు మొదలైందో చెప్పండి,” అన్నాడు డిటెక్టివ్.

మేడ మీద అద్దెకుంటున్న లెక్చరర్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. పొద్దుటి నుంచి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో అతనికే గుర్తులేదు. పోలీసులకు కావలసినవి అరుపులు. ఈయనకేమో టీవీ కావాలట.

“నిన్న సాయంత్రం ఐదవుతుందనగా అండీ. పిల్లలకి పాఠం చెప్పడానికి అప్పుడే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నా సరే, కింద నుంచి వార్తలు నెత్తి మీద పడ్డట్టు వినబడ్డాయి. అవతల నుంచి ఒక కుర్రాడు, ‘సార్, మీ ఇంట్లో ఎలక్షన్లా?’ అన్నాడు కూడా.”

“కొంచెం కొంచెంగా పెరిగిందా శబ్దం?”

“అబ్బే, ఒక్కసారే. ఎవరో తలుపు తన్నుకుని లోపలికొచ్చినట్టు.”

“ఎంతసేపుంది?”

“ఆగితే కదా! ఆరున్నరకి ఆ గోలలోనే ‘మామయ్యా, మామయ్యా’ అని అరుపులు. కింది పెద్దాయన మేనల్లుడి గొంతే, అందులో అనుమానం లేదు. కాసేపటికి అతని బండి వెళ్ళిపోయింది. పెద్దాయన భార్య, అదే పిన్నిగారు, ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక గానీ టీవీ ఆగలేదు.”

“అరుపులు ఇద్దరివా?”

లెక్చరర్ జవాబు చెప్పబోయి ఆగాడు. పాఠంలో ఒక మెట్టు తప్పినట్టు అప్పుడే గమనించిన మనిషిలా ముఖం పెట్టాడు.

“నిజం చెప్పాలంటే ఒక గొంతే అండీ. పెద్దాయన మాట నాకు వినబడలేదు. పోలీసులు ‘గొడవ విన్నావు కదా’ అన్నారు. అవునన్నాను.”

“మీరు గొడవ వినలేదు. ఒక మనిషి ఇంకో మనిషిని పిలవడం విన్నారు. అంతకుముందు ఎప్పుడైనా టీవీ అంత గట్టిగా వినబడిందా?”

“రెండేళ్ళ కిందటిదాకా రోజూ అదే వరస. ఇల్లు ఖాళీ చేద్దామనుకున్నాను కూడా. తర్వాత వాళ్ళ మనవరాలొచ్చి ఆయన చెవి మిషన్లని బ్లూటూత్‌తో టీవీకి కలిపింది. అప్పట్నుంచి చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. మొదటిరోజు మాత్రం ఆ పిల్ల ఏం నొక్కిందో ఏమో, కింద చదవాల్సిన వార్తలు పైన మా వంటింట్లో చదివారు. మా ఆవిడ పాటలు వినే చిన్న స్పీకరు ఉందిలెండి, అందులోంచి. పాపం గరిటె పారేసి పరుగెత్తుకొచ్చింది.”

డిటెక్టివ్ నవ్వాడు. నవ్వుతూనే లేచాడు.

మెట్లు దిగుతూ అతను కేసును మరోసారి తనకు తానే చెప్పుకున్నాడు. కింది ఇంటి పెద్దాయనకు ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. యంత్రాల హోరులో యౌవనమంతా గడిపి వినికిడి పోగొట్టుకున్నాడు. నిన్న రాత్రి ప్రెస్సు వెనుక కాగితాల గోడౌనులో, సరుకు లిఫ్టు గుంతలో అతని శవం దొరికింది. తెల్లవారేసరికి మేనల్లుడు లాకప్పులో ఉన్నాడు. సాయంత్రం అతన్ని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. మేనల్లుడి భార్య వచ్చి డిటెక్టివ్ తలుపు తట్టినప్పుడు ఆమె అడిగింది ఒకటే: సాయంత్రం లోపల ఏమైనా చెయ్యగలరా అని. చెయ్యగలనని అతను అనలేదు. చూస్తానన్నాడు. చూడటం కూడా ఒక పనేనని అతని నమ్మకం. అది ఎదుటివాళ్ళకు ఊరటనివ్వదని కూడా అతనికి తెలుసు.

కింద హాల్లో ఇన్‌స్పెక్టర్ పోయినాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నల్లగా నిద్రపోతున్న టీవీ. పక్కన వీధివైపు కిటికీ. పెద్దాయన భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తన ఇంట్లో తనను కూర్చోమనేవాళ్ళు లేరు.

“రండి తత్త్వవేత్తగారూ, రండి. మేడ మీద జ్ఞానోదయం అయిందా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“కొద్దిగా. కావాలంటే సగం ఇస్తాను.”

“మీ సగం మీరే ఉంచుకోండి. నాకు సాక్షులు చాలు.”

వాళ్ళిద్దరి పరిచయం పాతది. ఏ కేసులో ఎదురుపడినా ఒకరు ఔనన్నదాన్ని మరొకరు కాదనడం ఒక అలవాటుగా స్థిరపడిపోయింది. ఆ అలవాటులో తన పాలు ఎంతో డిటెక్టివ్ అప్పుడప్పుడు లెక్క చూసుకునేవాడు. తాను ప్రేమించేది నిజాన్నా, లేక ఎదుటివాడి పొరపాటునా అన్న ప్రశ్నకు అతనికి ఇంతవరకూ తృప్తికరమైన జవాబు దొరకలేదు.

“వినండి,” ఇన్‌స్పెక్టర్ వేళ్ళు విరుచుకుంటూ మొదలుపెట్టాడు. “మేనల్లుడు ఆరున్నరకి వచ్చాడు. మాటలు బయటికి పోకుండా టీవీ గట్టిగా పెట్టాడు. గొడవపడ్డాడు. మాట్లాడదాం పదమని గోడౌనుకి తీసుకెళ్ళాడు, గుంతలోకి తోశాడు. ఇందులో మీకేం తక్కువైంది?”

“ఒకటిన్నర గంట తక్కువైంది. టీవీ ఐదుకే మొదలైంది. ఐదుకి మేనల్లుడు తను పనిచేసే మెకానిక్ షెడ్డులో కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. షెడ్డు యజమాని చూశాడు, కారు యజమాని చూశాడు.”

“అయితే ముసలాయనే పెట్టుకుని ఉంటాడు.”

“ఆయన వినే టీవీ బయటికి వినబడదు. శబ్దమంతా నేరుగా చెవి మిషన్లలోకే పోతుంది.”

“తీసి పక్కన పెట్టాడేమో!”

“పక్కన పెట్టినా ఇంట్లోనే ఉంటాయిగా. ఇంట్లో ఉన్నంతవరకూ టీవీ వాటికే పంపిస్తుంది, బయటికి నోరెత్తదు. ఇంతకీ అవెక్కడ?”

“దొరకలేదన్నానుగా. ఒంటి మీద లేవు, గుంతలో లేవు. వేలెడంత కూడా ఉండవాయె. ఏ కాగితాల కట్టల సందులోనో పడి ఉంటాయి.” ఇన్‌స్పెక్టర్ లేచి బెల్టు సర్దుకున్నాడు. “అవునూ, అడగడం మరిచాను. అవి విన్న మాటల్ని దాచుకుంటాయా? అదే, రికార్డులాగా?”

“దాచుకోవు. మోసుకొచ్చి చెవిలో వేస్తాయి, అంతే.”

“మంచిది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ పైన పెద్దాయన భార్య వైపు తిరిగాడు. “అమ్మగారూ, స్టేషన్‌కెళ్ళి స్టేట్‌మెంటు టైపు చేయించుకొస్తాను. ఒక సంతకం పెడుదురుగాని. మొన్న మీ ఆయనకీ మేనల్లుడికీ గొడవైంది. కాలేదని మీరు అనలేదుగా?”

“అయింది బాబూ. కానీ ఆ గొడవ...”

“కానీలూ గీనీలూ కోర్టులో చూసుకుందాం.”

జీపు వెళ్ళిన చప్పుడు పూర్తిగా చెదిరిపోయేదాకా ఆమె కదలలేదు. ఆ తర్వాత వచ్చి, భర్త కుర్చీ మీద దిండును ఒకసారి దులిపి, మళ్ళీ అక్కడే పెట్టింది.

డిటెక్టివ్ గదిని చూడటం మొదలుపెట్టాడు. గుమ్మం పక్కన చెప్పుల అరలో పెద్దాయన బయటికి వేసుకెళ్ళే బూట్లున్నాయి. ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులు లేవు. అవి శవం కాళ్ళకు ఉన్నాయని పోలీసులే రాసుకున్నారు. నిన్న ఫోను కుర్చీ చేతి మీదే దొరికింది. పక్కనున్న బల్ల మీద కళ్ళజోడు మడిచి ఉంది. ఊరికే లేచి, రెండు నిమిషాల్లో తిరిగొస్తాననుకున్న మనిషి వదిలివెళ్ళిన గది ఇది. బలవంతంగా తీసుకెళ్ళిన జాడ ఎక్కడా లేదు.

“టీవీ పెట్టనా అమ్మా?”

ఆమె తల ఊపింది. అతను రిమోట్ నొక్కాడు.

శబ్దం గోడలను పట్టుకుని ఊపింది. ఆమె రెండు చెవులూ మూసుకుంది. మేడ మీద లెక్చరర్ కాలితో నేలను దబదబా తన్నాడు. డిటెక్టివ్ తడబడుతూ శబ్దాన్ని తగ్గించి తగ్గించి, మనిషి భరించే స్థాయికి దించాడు. తెర కింది అంచున ఒక చిన్న వాక్యం మెరిసి మాయమైంది: ‘తాతయ్య చెవులు: కలవలేదు.’

“మనవరాలు పెట్టిన పేరు,” అంది ఆమె. “ఆ శబ్దం పాతరోజుల్లో ఆయనకి సరిపడా పెట్టుకున్నదే. తర్వాత మాకు వినబడటం మానేసింది కదా, తగ్గించాలని ఎవరికీ తోచలేదు.”

“నిన్న తలుపు తెరిచేసరికి ఇలాగే ఉందా?”

“ఇలాగే. అప్పుడే నా గుండె జారిపోయింది బాబూ. చెబితే పోలీసులు నవ్వుతారని చెప్పలేదు. ఆయన పెరటి చివరికి వెళ్ళినా, గేటు దాటినా దీనికి నోరొచ్చేది. ‘అయ్యో అయ్యో’ అనుకుంటూ వెనక్కొచ్చేవారు, మళ్ళీ మూగబోయేది. రెండేళ్ళుగా నాకదే గుర్తు. వంటింట్లో ఉన్నా సరే, టీవీ నోరు మూసిందంటే మనిషి ఇంట్లోకొచ్చినట్టు.”

డిటెక్టివ్ రిమోట్‌ను బల్ల మీద పెట్టాడు. శబ్దం వినబడినచోట మనిషి ఉన్నాడని అనుకోవడం అందరికీ సహజం. లెక్చరర్ అలాగే అనుకున్నాడు, పోలీసులూ అలాగే అనుకున్నారు. ఈ ఇంట్లో మాత్రం లెక్క తిరగబడి ఉంది. శబ్దం పుట్టింది టీవీని ఎవరో పెట్టడం వల్ల కాదు, వినే మనిషి లేచిపోవడం వల్ల. ఐదవుతుండగా పెద్దాయన చెవులకు మిషన్లతో, కాళ్ళకు రబ్బరు చెప్పులతో గేటు దాటాడు. ఆరున్నరకు మేనల్లుడు పిలిచింది ఖాళీ ఇంటిని.

“ఇల్లు దాటి ఎవరితో వెళ్ళి ఉంటారు? టీవీ చెవుల్లో మోగుతుంటే కాలింగ్ బెల్ వినబడేదా?”

“ఎక్కడిది! కొత్తవాళ్ళు బెల్లు కొట్టి కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. తెలిసినవాళ్ళయితే ఆ కిటికీ దగ్గరకొచ్చి చెయ్యి ఊపుతారు.”

“ఎవరికి తెలుసు ఆ సంగతి?”

“మేనల్లుడికి తెలుసు. ప్రెస్సు మేనేజరుకి తెలుసు. ఇంకెవరున్నారు మాకు?”

ఆ రెండు పేర్లలో ఒకటి ఐదు గంటలకు కారు కింద ఉంది. డిటెక్టివ్ ఆ మాట పైకి అనలేదు. ఆమె కళ్ళు అప్పటికే ఆ లెక్క చేసేశాయి.

“మొన్నటి గొడవ దేనికమ్మా?”

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “ప్రెస్సులో ఆ హోరుకి మిషన్లున్నా ఆయనకి మాట అందదు. అందుకని ఫోను తీసి మాట్లాడే మనిషి ముందు బల్ల మీద పెడతారు. ఆ ఫోనులో పడ్డ మాట బ్లూటూత్ మీద చెవుల్లోకి వస్తుంది. మొన్న అలాగే మేనేజరు బల్ల మీద పెట్టి, మరిచిపోయి చేతులు కడుక్కోవడానికి పక్కగదిలోకి వెళ్ళారట. ఫోను అక్కడ, చెవులు ఇక్కడ. మేనేజరు దగ్గరికి ఎవరో వచ్చారు. ఇద్దరి మాటలూ ఈయనకి పూసగుచ్చినట్టు వినబడ్డాయి.”

“ఏమిటా మాటలు?”

“మా ప్రెస్సులో పరీక్షల పేపర్లు అచ్చవుతాయి బాబూ. అవి ఎలా బయటికి పోతున్నాయో ఆ మాటలు. బల్ల మీద ఫోనుంటే ఏం, చెవిటాయన ఫోనేగా అనుకున్నట్టున్నారు. తిరిగొచ్చేసరికి ఆ వచ్చినవాడు వెళ్ళిపోయాడు. గొంతు మాత్రమే తెలుసు. ‘నేనుండగా నీ జోలికి ఎవడొస్తాడు’ అన్నాడట. ఈయనకి కడుపులో మాట దాగదు కదా, మేనేజరుని ముఖం మీదే అడిగేశారు, చెవి మిషన్లలో అంతా విన్నానని. ఇంటికొచ్చి మేనల్లుడికి చెప్పారు. వాడేమో పోలీసులకి చెప్పాల్సిందేనని. ఈయనేమో రెండో గొంతు ఎవరిదో తేలేదాకా ఆగమని. అదీ గొడవ. వాడు ఈయన కోసం భయపడి అరిచాడు. ఇప్పుడు నేను ‘గొడవైంది’ అని సంతకం పెడితే అందులో అబద్ధమేమీ ఉండదు. కానీ అంతా అబద్ధమే అవుతుంది. కాదంటారా?”

“కాదనను,” అన్నాడు డిటెక్టివ్. ఇంత సూటిగా ఈ సంగతిని తాను ఏ పుస్తకంలోనూ చదవలేదని అతనికి అనిపించింది. “సంతకం పెట్టకండి. మేనేజరు నిన్న సాయంత్రం ఎక్కడున్నాడో తేల్చుకుని నేనే మెజిస్ట్రేటు దగ్గరికి వస్తాను.”

“మా మేనల్లుడు బయటికొస్తాడా?”

“వస్తాడు. ఒకటే తెగడం లేదు నాకు. ఆ చెవి మిషన్లు ఎవరు తీశారు, ఎందుకు తీశారు? ఆయన వాటిని ఎప్పుడు తీసేవారు?”

“పడుకునే ముందు తప్ప తీయరు. తీసినా ఆగవు. వెనకాల గోరంత మూత ఉంటుంది, అది తెరిచి బ్యాటరీ కదపాలి. తెలియనివాళ్ళ చేతిలో వారం రోజులైనా అలా బతికే ఉంటాయి.”

డిటెక్టివ్ కిటికీ దగ్గర నిలబడి ఆలోచించాడు. వెనుక టీవీలో ఎవరో రేపటి ఎండల గురించి చెబుతున్నారు. ఇంకొకరి చెవికి అమర్చిన వస్తువు దొంగకు పనికిరాదు. చనిపోయిన మనిషి చెవుల్లోంచి వాటిని ఊడబెరికే ధైర్యం భయం నుంచే రావాలి. దేనికి భయం? పెద్దాయన వాటిలో విన్నాడని మేనేజరు ఆ రెండోవాడికి చేరవేసి ఉంటాడు. వాటి సంగతి తెలియనివాడు విన్న గొంతు ఇంకా వాటిలోనే ఉందనుకుంటాడు. అనుకుని తీసి దగ్గర పెట్టుకుంటాడు. తర్వాత, తెలిసినవాళ్ళెవరినైనా మాటల మధ్యలో, ఏదో మరిచిపోయి గుర్తొచ్చినట్టు అడుగుతాడు, అవి మాటల్ని దాచుకుంటాయా అని...

ఆ ప్రశ్న ఇందాక ఈ గదిలోనే తనను అడిగారు.

సరిగ్గా అప్పుడే ఎండల గురించి చెబుతున్న గొంతు వాక్యం మధ్యలో తెగిపోయింది. తెర మీద మనిషి పెదవులు కదుపుతూనే ఉన్నాడు. గదిలో మాత్రం మాట లేదు.

పెద్దాయన భార్య ఆలోచించి తిరగలేదు. రెండేళ్ళ అలవాటు ఆమెను ముఖద్వారం వైపు తిప్పింది. ఆమె ముఖంలో ఒక్క క్షణం, కేవలం ఒక్క క్షణం, నిన్నటికి ముందరి వెలుతురు వచ్చింది.

“వచ్చారా?” అంది.

“వచ్చానమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, గుమ్మంలో బూట్లు తుడుచుకుంటూ. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. “ఎదురుచూస్తున్నట్టున్నారే!”

అతను ఒంటరిగా వచ్చాడు. వెంట కానిస్టేబుల్ లేడు. గేటు బయట జీపులో డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. డిటెక్టివ్ ఇవన్నీ కిటికీలోంచి వరసగా చూశాడు. తెర కింది అంచున ఆ వాక్యం మళ్ళీ వెలిగింది. ‘తాతయ్య చెవులు: కలిశాయి.’ అతను నాలుగడుగులు వేసి టీవీకి అడ్డంగా, దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆమె కూడా ఆ వాక్యాన్ని చదివింది. ఆమె చూపు తెర నుంచి ఇన్‌స్పెక్టర్ ముఖానికీ, ముఖం నుంచి బొత్తాం పెట్టి ఉన్న చొక్కా జేబుకీ జారింది. అక్కడే నిలిచిపోయింది.

“ఇదిగో, ఇక్కడ,” ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని బల్ల మీద పరిచి పెన్ను మూత తీశాడు. “ఒక్క సంతకం, మీ పని అయిపోయింది.”

ఆమె పెన్ను అందుకోలేదు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆమె నోరు తెరుస్తుందని డిటెక్టివ్‌కు తెలిసింది. ఈ ఇంట్లో నిజం పలకడానికి ఇది సమయం కాదు. ముందు ఆమె ప్రాణంతో ఈ గది దాటాలి. మేనల్లుడిని ఒక రాత్రి జైలు నుంచి తర్వాతైనా వెనక్కి తేవచ్చు.

“పెట్టేయండమ్మా,” అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది. “నేనూ అంతా చూశాను. ఇన్‌స్పెక్టర్‌గారు చెప్పిందే సరైనది.”

ఆమె బిత్తరపోయి అతని వైపు చూసింది. ఒకటి రెండు క్షణాల తర్వాత, అర్థమైనదానిలా, పెన్ను కోసం చెయ్యి చాచింది.

కానీ పెన్ను ఇన్‌స్పెక్టర్ చేతిలోనే ఉండిపోయింది. అతను డిటెక్టివ్ ముఖంలోకి చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో, ఇన్ని కేసుల్లో, ఈ మనిషి ఒక్కసారి కూడా తనతో ఔనని అనలేదు. ఆ చూపు నెమ్మదిగా డిటెక్టివ్ భుజం మీదుగా వెనక్కి జరిగి, చప్పుడు లేకుండా పెదవులు కదుపుతున్న బొమ్మ మీద ఆగింది. అతని ఎడమచెయ్యి, తనకు తెలియకుండానే, చొక్కా జేబును ఒకసారి తడిమింది.

అతను పెన్నుకు మూత పెట్టాడు. వెనక్కి నడిచి, వీధి తలుపు మూసి, గడియ వేశాడు.